జనవరి 19 పునీతులు: తేదీల ఫైలులో ఈ నెల పని

అంతగా పేరు వినబడని క్రైస్తవ పునీతుల (సెయింట్ల) పండుగలను తేదీలవారీగా రాసుకునే నా ఫైలులో ఈ నెల జనవరి 19 చాలావరకు పూర్తయింది. పండుగ తేదీలు మారుతూ ఉంటాయి కనుక ఈ పనికి కుట్టిన నోటుపుస్తకం పనికిరాదు. ఒక్కొక్కరికి ఒక విడి కాగితం చొప్పున రాసి ఫైలులో గుచ్చితే, అవసరమైనప్పుడు తీసి మరో తేదీ దగ్గర పెట్టుకోవచ్చు. మరణించిన తేదీకి, పండుగ తేదీకి, పండుగ జరిగే ప్రాంతానికి వేరువేరు గడులు గీశాను. ఆ కాలపు ఆధారం ఉన్నదానిని సిరాతోను, తరువాత పుట్టిన కథను పెన్సిలుతోను రాస్తున్నాను.

ఎక్కువ సిరా ఖర్చయినది ఇంగ్లండులోని వూస్టర్ మేత్రాణులు (బిషప్) వుల్ఫ్‌స్టన్ కాగితం మీదనే. 1062లో పదవికి వచ్చిన ఈయన, 1066లో దేశాన్ని జయించిన నార్మన్లు మేత్రాసనాలన్నిటిలో క్రమంగా తమవారిని నింపుకుంటూ వచ్చినా, 1095లో మరణించేవరకు కదలలేదు. బ్రిస్టల్ రేవు నుండి ఐర్లండుకు మనుషులను బానిసలుగా అమ్మే వ్యాపారాన్ని, మాటిమాటికి అక్కడికి వెళ్లి ప్రసంగాలు చేసి మాన్పించారట; ఆయన పేర చెప్పే అద్భుతాలన్నిటికంటే నాకిదే గొప్పగా తోస్తుంది. పూజ జరుగుతుండగా పెద్దబాతు కాలుతున్న వాసనకు మనసు చెదిరిందని ఆయన మాంసమే మానుకున్న సంగతి కథలా వినిపించినా, ఆయన దగ్గరే పనిచేసిన కోల్మన్ రాసిన చరిత్రే దీనికి కూడా మూలం కనుక సిరాతోనే ఎక్కించాను. 1203లో ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఫిన్లాండు వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారు) హెన్రీ కాగితం దాదాపు అంతా పెన్సిలే. 1156 ప్రాంతంలో గడ్డకట్టిన కోయ్లియో సరస్సు మీద లాల్లి అనే రైతు ఆయనను గొడ్డలితో నరికాడన్న వృత్తాంతం 13వ శతాబ్దం చివరలో గాని గ్రంథస్థం కాలేదు. అయితే ఆ దేశపు పల్లెల్లో ఈ రోజును నడి శీతాకాలంగా లెక్కించి, పశుగ్రాసంలో ఇంకా సగం మిగిలి ఉందా అని చూసుకునేవారు. ఈ వివరాన్ని కాగితం వెనకవైపు సంతోషంగా రాసుకున్నాను.

డెన్మార్కు రాజు నాలుగవ కనూట్‌ను తిరుగుబాటుదారులు 1086 జులై 10న ఓడెన్స్‌లోని చర్చిలోనే చంపారు. చాలాకాలం జనవరి 19న స్మరించినా, కతోలిక సంఘం పునీతులను తేదీలవారీగా నమోదు చేసే నేటి రోమా వేదసాక్షుల పట్టికలో ఆయన మరణించిన తేదీనే ఉంది కనుక కాగితాన్ని జులైకి మార్చి, ఇక్కడ ఒక చీటీ మాత్రం ఉంచాను.

పర్షియా నుండి రోముకు వచ్చి వేదసాక్షులయ్యారని చెప్పే మారియుస్, మార్త దంపతులకు, వారి కుమారులు ఔదిఫాక్స్, అబాకుమ్‌లకు కలిపి ఒకే కాగితం సరిపోయింది. పేర్లు, రోము దగ్గరి కొర్నేలియా బాట పక్కన సమాధి ఉన్న చోటు తప్ప రూఢిగా ఏమీ లేనందున, 1969లో వీరి స్మరణను కతోలిక సంఘపు సార్వత్రిక క్యాలెండరు నుండి తీసివేశారు.

ఇక మిగిలినది ఐగుప్తు సన్యాసి మకారియుస్. జూలియన్ క్యాలెండరును పాటించే తూర్పు సంఘాల జనవరి 19 మనకు ఫిబ్రవరి 1న వస్తుంది కనుక, ఆయన కాగితం మొదలుపెట్టే ముందు మరో గడి గీయాలి.