మిద్దె మీద పొద బీన్స్: నా అనుభవం

హైదరాబాద్‌లో మా మిద్దె మీద బీన్స్ మొదటిసారి ఫిబ్రవరి చివర్లో వేశాను. మొక్కలు ఏపుగా పెరిగాయి, పూత కూడా బాగా వచ్చింది. తీరా ఏప్రిల్ ఎండలకి పూలన్నీ రాలిపోయాయి. వాటిని ఊడ్చి ఎత్తుతుంటే ఏడుపొచ్చినంత పనైంది. ఎండ 30 డిగ్రీలు బాగా దాటితే బీన్స్‌కి పూత నిలవదని అప్పుడే తెలిసింది. మనకి ఇది చలికాలం పంటే.

అందుకే ఈసారి అక్టోబర్ ఆఖర్లో వేశాను. అర్క కోమల్ విత్తనం, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లది. పొద రకం కాబట్టి పందిరి గొడవ లేదు. 12 అంగుళాల గ్రో బ్యాగుకి మూడు గింజలు, అంగుళం లోతున. రాత్రంతా నానబెడితే గింజ పగిలి కుళ్లుతోంది, అందుకని పొడి గింజే పెట్టాను. ఆరో రోజు పొద్దున చూస్తే మట్టి నెర్రెలిచ్చి, మెడ వంచుకున్న మొలక కనిపించింది. సాయంత్రానికి గింజ రెండు బద్దల్నీ తలమీద మోసుకుంటూ నిటారుగా లేచింది. ఎంతసేపు చూశానో!

బీన్స్ వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాల్లోని నత్రజనిని కొంత పట్టి మొక్కకిస్తుంది, అందుకే మాగిన పశువుల ఎరువు తప్ప ఇంకేమీ వెయ్యలేదు. మధ్యలో పేనుబంక పడితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టాను.

రెండు నెలలు తిరక్కుండానే కాయ కోతకొచ్చింది. విరిస్తే టప్పుమనాలి, లోపల గింజ ఉబ్బకూడదు. రెండు రోజులు ఆగితే ముదిరి పీచు పడుతుంది.

"గోరుచిక్కుడులాగే పాటోళి చెయ్యమ్మా" అన్నారు అత్తయ్య. కప్పు శనగపప్పు రెండు గంటలు నానబెట్టి, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పుతో బరకగా రుబ్బాను. పోపు వేగాక పప్పు ముద్ద వేసి, సన్నసెగ మీద పొడిపొడిగా అయ్యేదాకా కలుపుతూనే ఉండాలి. ఇక్కడ తొందరపడితే పచ్చివాసన పోదు. అప్పుడు సన్నగా తరిగి ఉడికించిన బీన్స్ కలిపాను. వేడన్నం, నెయ్యి, పక్కన మజ్జిగపులుసు. కోసిన గంటకే వండిన బీన్స్‌కి ఒక తీపి ఉంటుంది, కొన్నవాటిలో నాకెప్పుడూ తగల్లేదు.

పొద రకం మూడు నాలుగు కోతల్లో అయిపోతుంది. అందుకని రెండు వారాల తేడాతో ఇంకో నాలుగు బ్యాగులు వేసి ఉంచాను. మొదటి విడతలో రెండు మొక్కల కాయలు మాత్రం కొయ్యలేదు. గలగలమనేదాకా ఎండనిచ్చి, గింజలు సీసాలో పోసి పెట్టుకున్నాను, వచ్చే అక్టోబర్‌కి.