ఒకే గిన్నెల సర్వపిండి

మొన్న ఆదివారం హనుమకొండల అక్క వాళ్లింట్ల అమ్మ సర్వపిండి చేసింది. అక్క కొడుకులిద్దరూ ఒకే గిన్నెల నుంచి తుంచుకొని తిన్నరు. పది నిమిషాలకు చిన్నోని పెదవులు ఉబ్బినయి, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి తీస్తుంటే ఈల లెక్క చప్పుడు. బావ బండి తీసిండు, నేను వాణ్ని ఒళ్లె పట్టుకొని వెనక కూసున్న. దవాఖానల తొడకు అడ్రినలిన్ సూది వేసినంకనే వాడు తేరుకున్నడు. పిండిల పల్లీలే కారణమన్నరు.

"ఒక్క కడుపున పుట్టినోళ్లే గదా బిడ్డా, పెద్దోనికేం గాలేదేంది?" అని అమ్మ రాత్రంతా అడుగుతనే ఉన్నది.

నాకూ నిద్రపట్టలే, కూసోని చదివిన. మన చర్మంల, శ్వాసనాళాలల్ల, పేగులల్ల మాస్ట్ కణాలనే రక్షణ కణాలుంటయి. పల్లీలు పడనోళ్లల్ల, వాటిమీద అంటుకొని ఉన్న ఐజీఈ అనే యాంటీబాడీలకు, అంటే ఒంట్ల తయారైన రక్షణ ప్రొటీన్లకు, పల్లీ ప్రొటీన్ తగిలితే ఆ కణాలు వాపు, దద్దుర్లు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం కక్కుతయి. ఐజీఈ ఎంత తయారైతది, కణాలు ఎంత తొందరగా రెచ్చిపోతయి అన్నదాంట్ల జన్యువుల పాలు చానా ఉన్నది. ప్రయోగశాల ఎలుకలల్ల గూడ బాల్బ్-సి అనే తెల్ల రకం ఐజీఈ ఎక్కువ తయారుచేసే దిక్కు మొగ్గుతది, సీ57 అనే నల్ల రకం అంత మొగ్గదు. 2000ల అచ్చయిన కవలల అధ్యయనంల, ఒకరికి పల్లీలు పడకుంటే ఒకే పిండం నుంచి పుట్టిన కవలలల్ల రెండోవాళ్లకూ పడనిది సుమారు 64 శాతం, వేర్వేరు పిండాల నుంచి పుట్టిన కవలలల్ల 7 శాతమే. మా పిల్లలు కవలలు గూడ కారు. వాళ్లకు సగటున సగం జన్యువులే కలుస్తయి.

పొద్దున అమ్మకు ఇదంతా చెప్పిన. చానాసేపు ఊకుండి, "అయితే నా చేతి వంటది తప్పుగాదా?" అని అడిగింది. కాదమ్మా అంటే కొంగుతోని కండ్లు తుడుసుకున్నది.