నంబర్ అడగని వైఫై: సియోల్ సబ్‌వేలో ఒక మధ్యాహ్నం

ఇంచియాన్ విమానాశ్రయంలో సిమ్ కార్డుల కౌంటర్ దగ్గర ధరల పట్టిక చూడగానే ఒళ్లు మండింది. ఐదు రోజుల అన్‌లిమిటెడ్ డేటాకు 30,000 వోన్‌లకు కాస్త తక్కువ. మన డబ్బుల్లో సుమారు 1,800 రూపాయలు. ఆ సొమ్ముతో ఇంటిదగ్గర ఎన్ని నెలల రీచార్జ్ వస్తుందో లెక్కేసుకుంటే చెయ్యి జేబులోకి వెళ్లలేదు. మన రోమింగ్ ప్యాక్ తీసుకుందామంటే అది ఇంకా ఎక్కువ. కార్డు లేకుండా ఫోన్‌లోనే పనిచేసే ఈ-సిమ్ చవక అంటారు కానీ నా ఫోన్‌కి ఆ సదుపాయం లేదు. సియోల్ నగరమంతా ఫ్రీ వైఫై ఉందని వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ చెబుతారు కదా, దాంతోనే నెట్టుకొద్దామని గట్టిగా అనుకుని ఎయిర్‌పోర్ట్ రైలెక్కేశాను. ఇది 2024 అక్టోబర్ సంగతి.

రాజభవనాలు, నమ్సాన్ టవర్, బుక్‌చోన్ పెంకుటిళ్ల వీధులు అన్నీ చూశాను. బాగున్నాయి. వాటి ఫొటోలు మీరందరూ చూసే ఉంటారు. నాకు ఇప్పటికీ గుర్తొస్తున్నది మాత్రం సబ్‌వే రెండో లైన్‌లో, కిటికీలోంచి చీకటి సొరంగం తప్ప ఏమీ కనపడని చోట, ఫోన్ పట్టుకుని నిలబడ్డ ఆ కాసేపు.

ముందు వీధి వైఫై గురించి చెప్పాలి. గ్వాంగ్‌హ్వామున్ చౌరస్తాలో ఫోన్ తెరిస్తే నగరపాలక సంస్థవి రెండు పేర్లు కనిపించాయి. ఒకటి ఉత్త 'సియోల్', రెండోది 'సియోల్ సెక్యూర్'. మొదటిదానికి తాళం లేదు, ముట్టుకుంటే చాలు. రెండోదానికి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడుగుతుంది. ఆ రెండూ ఒకటే, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో సియోల్ అని కొట్టడమే. ఎవరైనా తెలుసుకోవచ్చు, రహస్యం ఏమీ కాదు. అందరికీ తెలిసిన పాస్‌వర్డ్‌కి సెక్యూర్ అన్న పేరెందుకని నాకూ అనిపించింది. కానీ దాని పని తీరు వేరు. మన ఇళ్లలో వైఫైకి అందరం ఒకే పాస్‌వర్డ్ వాడతాం, ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు తలుచుకుంటే పక్కవాడి ఫోన్‌లోంచి గాల్లో వెళ్లే డేటా మీద కన్నెయ్యగలడు. ఇక్కడ వాడేది ఆఫీసుల్లో పెట్టే ఎంటర్‌ప్రైజ్ పద్ధతి. లోపలికి రావడానికి చెప్పే పేరు అందరిదీ ఒకటే అయినా, లోపలికి వచ్చాక ఒక్కో ఫోన్‌కి ఒక్కో తాళంచెవి తయారవుతుంది. నా పక్క బెంచీ మీదున్న మనిషి కూడా అదే పాస్‌వర్డ్ కొట్టినా నా డేటాను చదవలేడు. ప్రజలకు ఉచితంగా ఇచ్చే వస్తువు మీద ఇంత శ్రద్ధ పెట్టడం నాకు నిజంగా ముచ్చటేసింది.

పైగా అది నా ఫోన్ నంబర్ అడగలేదు. ఈ మాటను మళ్లీ ఎత్తుతాను.

ఆ రోజు మధ్యాహ్నం నా స్నేహితుడి కూతుర్ని కలవాలి. కొన్‌కుక్ యూనివర్సిటీలో చదువుకుంటోంది. ఆ పేరుతోనే రెండో లైన్‌లో స్టేషన్ ఉంది కాబట్టి అక్కడే కలుద్దామనుకున్నాం. నా గెస్ట్‌హౌస్ హొంగిక్ యూనివర్సిటీ స్టేషన్ దగ్గర. అదీ రెండో లైనే, రైలు మారే పని కూడా లేదు. చెప్పులేసుకుని గుమ్మం దాటుతుండగా ఫోన్ మోగింది. "బాబాయ్, బయల్దేరిపోయారా? చిన్న మార్పు ఉంది" అని వాట్సాప్. మార్పు ఏంటో చెప్పే రెండో మెసేజ్ వచ్చేలోపు గెస్ట్‌హౌస్ వైఫై అందకుండా పోయింది. రైల్లో చూసుకుందాంలే అని స్టేషన్ మెట్లు దిగాను.

గేటు దగ్గర కార్డు ఆనిస్తే 1,400 వోన్‌లు కోసుకుంది. సియోల్‌లో మిగతా ధరల పక్కన పెట్టి చూస్తే ఇదొక్కటే నాకు న్యాయంగా అనిపించిన ధర. ఆకుపచ్చ గీత రెండో లైన్‌ది. పది పెట్టెల రైళ్లు నగరం చుట్టూ గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. 48.8 కిలోమీటర్ల వలయం, 1984లో పూర్తయింది. దారి తప్పే భయం లేదు, దిగకుండా కూర్చుంటే ఎక్కిన చోటికే తెస్తుంది. కానీ ఆ పూట నాకు కావాల్సింది ఎక్కడ దిగాలో చెప్పే ఒక్క మెసేజ్.

రైలెక్కగానే వైఫై జాబితా తెరిచాను. టెలికాం కంపెనీల పేర్లతో వరసగా కనిపించాయి. సెక్యూర్ అని ఉన్నవి ఆ కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌కే తలుపు తీస్తాయి. మిగిలిన ఒకదాన్ని నొక్కితే 'కనెక్టెడ్' అని వచ్చింది, గీతలన్నీ నిండుగా ఉన్నాయి, వాట్సాప్‌లో మాత్రం చలనం లేదు. మనలో చాలామందికి ఇక్కడే అర్థంకాక కోపం వస్తుంది. ఆ గీతలు చూపించేది మన ఫోన్‌కీ పెట్టె పైకప్పులో ఉన్న వైఫై డబ్బాకీ మధ్య సిగ్నల్ బలాన్ని మాత్రమే. ఆ దూరం రెండు మూడు మీటర్లే కనుక ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. ఆ డబ్బా మళ్లీ సొరంగంలోని మొబైల్ నెట్‌వర్క్‌ని పట్టుకుని బయటి ప్రపంచంతో మాట్లాడాలి. పరుగెత్తే రైల్లోంచి, ఒక పెట్టెలో ఉన్న వందమందికి పైగా జనం కోసం. అక్కడ ఇరుకైతే మన స్క్రీన్ మీద ఆ సంగతేమీ కనపడదు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సీరియళ్లు చూసుకుంటున్నారు. వాళ్లకు సొంత సిమ్‌లున్నాయి, సొరంగం పొడుగునా సిగ్నల్ ఉంది, ఈ వైఫైతో వాళ్లకు పనే లేదు. దాని అవసరం నాలాంటి పరాయివాడికే.

సిటీ హాల్ స్టేషన్ దాటాక లాగిన్ పేజీ సగం తెరుచుకుని ఆగిపోయింది. ఉల్చిరోలో మళ్లీ మొదలైంది. ఈ పేజీ దానంతటదే ఎలా వస్తుందంటే, వైఫైకి తగలగానే ఫోన్ ఒక చిన్న పేజీని రహస్యంగా పిలిచి చూస్తుంది. దానికి బదులు వేరే పేజీ వచ్చిందంటే ఇక్కడ లాగిన్ కావాలని గ్రహించి మనకు చూపిస్తుంది. సిగ్నల్ నలిగిపోతున్న చోట ఆ పిలుపే మధ్యలో ఆగిపోతుంది, పేజీ తెల్లగా మిగులుతుంది. స్టేషన్లో ఆగినప్పుడు పేజీ వస్తుంది, మనం నొక్కేలోపు రైలు కదులుతుంది. నాకు టెన్షన్ మొదలైంది. అమ్మాయి ఎక్కడ నిలబడి ఎదురుచూస్తోందో తెలియదు, స్టేషన్లు ఒక్కొక్కటీ అయిపోతున్నాయి.

అప్పుడు నాకు విజయవాడ ప్లాట్‌ఫాం గుర్తొచ్చింది. మన రైల్వే స్టేషన్లలో ఫ్రీ వైఫై 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలై ఇప్పుడు వేల స్టేషన్లకు వచ్చింది, మొదటి అరగంట ఉచితం. నిజంగా గొప్ప పనే. కానీ ఓటీపీ కావాలి, ఓటీపీ రావాలంటే ఫోన్ నంబర్ కావాలి. ఒకసారి విజయవాడలో ఒక విదేశీ కుర్రాడు వీపున సంచితో నా దగ్గరికొచ్చి, మీ నంబర్ కొట్టుకోనిస్తారా అని ఎంతో మొహమాటపడుతూ అడిగాడు. రిజర్వేషన్ ఏమైందో చూసుకోవాలట. ఇచ్చాను. ఓటీపీ నా ఫోన్‌కి వచ్చింది, చదివి చెప్పాను, అతని పని అయిపోయింది. ఆ రోజు అతని మొహంలో కనిపించిన కంగారు సియోల్ సొరంగంలో నాకు పూర్తిగా అర్థమైంది. ఫోన్ ఉంది, వైఫై ఉంది, ఊళ్లో నంబర్ లేదన్న ఒక్క కారణంతో మనిషి ఆగిపోతాడు.

దొంగ్డెమున్ దగ్గర పేజీ పూర్తిగా వచ్చింది. అంతా కొరియన్. గడులు వరసగా నాలుగో ఐదో ఉన్నాయి, కింద బూడిదరంగు బటన్. అనువాదం చేసే యాప్‌కి కూడా నెట్ కావాలాయె. నా పక్కన అరవై ఏళ్లు దాటిన ఒకావిడ నిలబడి ఉంది, కొండలెక్కేవాళ్లు పెట్టుకునే వెడల్పు టోపీ, వీపు సంచికి రెండు మడత కర్రలు. అప్పటికే నన్ను గమనిస్తున్నట్టుంది. చెయ్యి చాపింది. ఫోన్ తిప్పి ఆమె వైపు పెట్టాను.

అన్నిటికన్నా పైనున్న గడి నొక్కుతుందనుకున్నాను. అది నొక్కితే కింద గడులన్నీ ఒక్కసారిగా టిక్ పడతాయని ఆకారం చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ దాని జోలికి పోలేదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఒక్కో గడి పక్కనున్న అక్షరాలను మునివేలితో తాకుతూ చదివింది. రెండు గడులు నొక్కింది. ఇంకోదాని దగ్గర ఆగి, నా మొహం చూసి, అడ్డంగా తల ఊపి వదిలేసింది. బటన్‌కి రంగొచ్చింది. నొక్కితే ఏదో షాంపూ ప్రకటన మొదలైంది. ఇద్దరం అది అయ్యేదాకా మాట్లాడకుండా చూశాం. సిందాంగ్ వెళ్లిపోయింది. గుండ్రంగా తిరుగుతున్న గుర్తు ఆగి, టిక్ పడి, మరుక్షణం నా ఫోన్ ఆమె చేతిలోనే టకటకా మోగడం మొదలుపెట్టింది.

"బాబాయ్, కొన్‌కుక్ దాకా రావద్దు. ఒక స్టేషన్ ముందు, సొంగ్సులో దిగండి. మూడో ఎగ్జిట్ కింద ఉంటాను. కాల్ చేస్తుంటే కలవట్లేదేంటండీ?"

ఆవిడకు తలవంచి కమ్సహమ్నిదా, అంటే ధన్యవాదాలు, చెప్పాను. నాకొచ్చిన కొరియన్ అంతే, కానీ అంత మనస్ఫూర్తిగా ఆ మాట ఆ యాత్రలో ఇంకెక్కడా అనలేదు. వాంగ్‌సిమ్ని దాటాక రైలు సొరంగంలోంచి బయటపడి పైకెక్కింది. కిందుగా ఏరు, దాని ఒడ్డున సైకిళ్లు తొక్కేవాళ్లు కనపడ్డారు. అక్కడ వైఫై హాయిగా పనిచేసింది. అమ్మాయికి వాట్సాప్ కాల్ కూడా కలిసింది.

సొంగ్సులో దిగాక ఆ గడుల సంగతి అమ్మాయిని అడిగాను. కొరియాలో ఇలాంటి ఫారాల్లో ఏది తప్పనిసరో, ఏది మన ఇష్టమో పక్కనే రాసి ఉంటుందట. ఇష్టమైతేనే అన్నవి ఎక్కువగా ప్రకటనలు పంపుకోవడానికి ఇచ్చే అనుమతులు. ఆ పెద్దావిడ తప్పనిసరివి మాత్రమే నొక్కి, మిగతావి వదిలేసింది. తనకు సంబంధం లేని మనిషి ఫోన్‌కి చెత్త మెసేజ్‌లు రాకూడదని కళ్లజోడు పైకి తోసి మరీ చదివింది. నేనైతే ఇంటిదగ్గర అన్నిటికీ అవునని కొట్టేసే పేజీ అది.

సొంగ్సు స్టేషన్ పేరు నేను వెళ్లకముందే చదివాను, అదీ ఈ వైఫై విషయంలోనే. ఇక్కడి నుంచి సిన్‌సొల్‌దాంగ్‌కి ఒక చిన్న శాఖ లైను వెళుతుంది. 2021లో ఆ లైను మీద 28 గిగాహెర్ట్జ్ 5జీతో రైళ్లలో వైఫై ఇచ్చి చూశారు. అంతకుముందు సబ్‌వే వైఫై సుమారు 70 ఎంబీపీఎస్ ఉంటే, ఆ పరీక్షలో 700 దాకా వచ్చింది. అంటే నేను పడ్డ ఈ ఇరుకుకి మందు దొరికినట్టే. కానీ 28 గిగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ దూరం పోవు, అడ్డం వస్తే ఆగిపోతాయి, అందుకని సిగ్నల్ ఇచ్చే బేస్ స్టేషన్లను చాలా దగ్గర దగ్గరగా కట్టాలి. టెలికాం కంపెనీలు కడతామన్నన్ని కట్టలేదు. ప్రభుత్వం 2022 చివర్లో రెండు కంపెనీల దగ్గర, 2023లో మూడోదాని దగ్గర ఆ స్పెక్ట్రం, అంటే ఆ తరంగాలు వాడుకునే హక్కు, వెనక్కి తీసేసుకుంది. పదింతల వేగం చేతికందాక వదులుకోవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. సొంత సిమ్ ఉన్నవాళ్లకు రైలు వైఫై అక్కర్లేదు కాబట్టే అడిగేవాళ్లు తక్కువయ్యారేమో అని నా అనుమానం.

ఆ సాయంత్రం ఒక హోటల్ బయట వరుసలో పేరు రాయించాలంటే టాబ్లెట్ 010తో మొదలయ్యే కొరియా నంబర్ అడిగింది. అమ్మాయి తన నంబర్ కొట్టింది. ఒక్కణ్నే వెళ్లి ఉంటే తిరిగి రావాల్సిందే. ఆ నగరంలో పరాయివాణ్ని నంబర్ గానీ గడుల్లో టిక్‌లు గానీ అడగకుండా లోపలికి రానిచ్చినవి వీధిలో వైఫై, బస్సులో వైఫై. సిటీ బస్సుల్లో 'పబ్లిక్ వైఫై' అన్న పేరు చివర నాలుగంకెలుంటాయి, బస్సు బస్సుకీ వేరు. తిరుగు ప్రయాణానికి నేను బస్సే ఎక్కాను. ఆలస్యమైంది కానీ దారిపొడుగునా ఇంటికి వీడియో కాల్ మాట్లాడాను, ఎక్కడా తెగలేదు.

మీరు వెళుతుంటే, ఈ-సిమ్ పట్టే ఫోన్ ఉంటే అదే తీసుకోండి, సబ్‌వేలో వైఫై మీద అపాయింట్‌మెంట్లు పెట్టుకోకండి. లేకపోతే స్టేషన్ల పేర్లు, ఎగ్జిట్ నంబర్లు బయల్దేరేముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. వీధిలోనూ బస్సులోనూ పేరులో సెక్యూర్ ఉన్నదాన్నే ఎంచుకోండి. 'పబ్లిక్ వైఫై సెక్యూర్' కనపడితే దానికి పేరు, పాస్‌వర్డ్ రెండూ వైఫై అనే, చిన్న అక్షరాల్లో. తాళం లేని వైఫైలో బ్యాంకు పనులు పెట్టుకోకండి. తిరిగొచ్చాక ఆ తాళంలేని పేర్లన్నీ ఫోన్‌లోంచి తీసేయండి, ఎందుకంటే అదే పేరుతో ఎవరు ఎక్కడ వైఫై పెట్టినా మీ ఫోన్ అడక్కుండానే వెళ్లి తగులుకుంటుంది.