బటన్ గేమ్‌కి పైథాన్ సర్వర్ రాశాను: నా అనుభవం

మొత్తానికి పనిచేస్తోంది! బటన్ పెట్టెల్లో ఒక్కోదానికీ ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), అన్నిటికీ కలిపి ఒక సర్వర్. ఎవరు ముందు నొక్కితే వాళ్ల లైటు వెలగాలి. బటన్లు, ఎల్‌ఈడీలు పై పిన్నులను పైథాన్‌తో నడిపించే జీపీఐఓ జీరో లైబ్రరీతో చిటికెలో అయిపోయాయి.

ఏడిపించింది నెట్‌వర్క్. అందరి ముందు డెమో ఇస్తుంటే ఎవరో బటన్‌ని టకటకా నొక్కారు. సర్వర్ ఠపీమని ఆగిపోయింది. తెర మీద జేసన్ (మెసేజ్‌లు రాసే టెక్స్ట్ ఫార్మాట్) ఎర్రర్, 'ఎక్స్‌ట్రా డేటా' అని. మా టీమ్‌లో ఒకాయన దగ్గర ప్రతి రోగానికీ ఒకటే మందు: "పైథాన్‌తో హార్డ్‌వేర్ ఏంటండీ, హాయిగా సీ ప్లస్ ప్లస్‌లో రాసుకోక!" అందరూ నవ్వారు. ఇంకొకాయన వైర్లు లూజ్ అన్నాడు. వైరు లూజైతే జేసన్ ఎర్రర్ ఎలా వస్తుందో ఆయనకే తెలియాలి.

వచ్చిన బైట్లను వచ్చినట్టే ప్రింట్ చేస్తే బండారం బయటపడింది. నొక్కినట్టు ఒక మెసేజ్, వదిలినట్టు ఇంకో మెసేజ్, మధ్యలో ఏ గుర్తూ లేకుండా అతుక్కుని వచ్చాయి. నెట్‌వర్క్‌లో డేటా మోసే టీసీపీకి మెసేజ్‌లతో సంబంధం లేదు, వరుసగా బైట్లు చేరవేయడమే దాని పని. పైగా 1984 నాటి నేగల్ పద్ధతి ఒకటి: ముందు పంపినదానికి అవతలి నుంచి చేరినట్టు జవాబు వచ్చేదాకా చిన్న ముక్కల్ని ఆపి, కలిపి పంపుతుంది. ట్యుటోరియళ్లు ఇది చెప్పి చావవు. 1024 బైట్లు చదివి, అదే ఒక మెసేజ్ అనేసి చేతులు దులుపుకుంటాయి. నేగల్ పద్ధతిని ఆపేసే 'నోడిలే' ఆప్షన్ పెట్టమని ఒక సలహా వచ్చింది. ఆలస్యం తగ్గుతుంది, నిజమే. మెసేజ్‌ల హద్దులు మాత్రం దాంతో రావు.

మందు చాలా చిన్నది. ప్రతి మెసేజ్ ముందు 4 బైట్లలో దాని పొడవు పంపాలి. సర్వర్ ముందు ఆ 4 బైట్లు, తర్వాత వాటిలో చెప్పిన పొడవు ఎంతో సరిగ్గా అన్ని బైట్లు చదవాలి. పైథాన్‌తో వచ్చే అసింక్ఐఓ లైబ్రరీలో 'రీడ్ ఎగ్జాక్ట్‌లీ' ఉన్నది ఇందుకే. సీ ప్లస్ ప్లస్‌లో రాసినా ఇదే టీసీపీ, ఇదే తలనొప్పి. ఆ మాట ఆయనకి మొహం మీదే చెప్పాను.

ఇంకోటి. పెట్టె కేబుల్ పీకేస్తే సర్వర్‌కి తెలియదు. లైనక్స్‌లో కీప్‌అలైవ్ (అవతలివాళ్లు ఉన్నారా అని టీసీపీయే పలకరించే ఆప్షన్) ఆన్ చేసినా, మామూలుగా 7200 సెకన్ల దాకా పలకరించదు. సెకనుకోసారి మీరే హార్ట్‌బీట్ ('నేనున్నాను' అనే చిన్న మెసేజ్) పంపించుకోండి.

ఎవరు ముందు నొక్కారన్నది సర్వర్‌కి చేరిన వరుసను బట్టే తేలుస్తున్నాను. వైఫైలో మెసేజ్ ఆలస్యంగా చేరొచ్చు, ఆ పెట్టెకి అది అన్యాయం కాబట్టి అన్నిటికీ కేబులే వేశాను.