కాలు విరిగిన పెట్టకు కట్టు: మూడు వారాల నా అనుభవం

కోడి కుంటుతోందంటే కాలు విరిగిందనే కాదు. అందుకే మా నాటుపెట్ట ఒంటికాలి మీద నిలబడగానే ముందు దాని రెండు కాళ్లూ పోల్చి చూశాను. అరికాల్లో నల్లటి పెచ్చు ఉంటే అది చీముపుండు. వెంట్రుకో, దారమో, గాలిపటం మాంజానో చుట్టుకుంటే చర్మంలోకి దిగిపోయి పైకి కనపడదు. కాలు తడిపి తుడిచి చూడాలి. దెబ్బేమీ లేకుండా ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోతే నరాల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు మారెక్స్‌ని, మెడ తిరిగి ఆకుపచ్చగా రెట్ట వేస్తే కొక్కెర తెగులుని అనుమానించాలి. అలాంటి కోడిని వెంటనే విడిగా పెట్టి డాక్టరుకి చెప్పాలి.

మా పెట్టకి పొలుసుల కాలు మధ్యలో విరిగింది. అక్కడ ఉబ్బి వేడిగా ఉంది, మెల్లగా తడిమితే వేలికి కరకరమని తెలిసింది. చర్మం చిట్లలేదు, వేళ్లు వెచ్చగా ఉన్నాయి, నొక్కితే ముడుస్తోంది. అందుకే ఇంట్లో కట్టు కట్టాను. ఎముక బయటికొచ్చినా, తొడ విరిగినా మనం చేయి పెట్టకూడదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయాలి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ అదే నంబరు.

కట్టు చీకటి పడ్డాక కట్టడం మేలు, కోడి గింజుకోదు. ఒకరు తువ్వాలుతో తల కప్పి, రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవాలి. రొమ్ము మీద మాత్రం నొక్కకూడదు. కోడికి మనలా ఉదరవితానం (ఊపిరాడించే కండర పొర) లేదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. కాలిని నిలబడ్డప్పుడుండే వంపులోనే ఉంచి, దూదిని ఒక్క పొర చుట్టాను. రెండు పొరలైతే పుల్లలు జారతాయి. రెండు ఐస్‌క్రీం పుల్లల్ని కాలి పొడవుకి విరిచి, కొసలు అరగదీసి, లోపలి పక్క ఒకటి, బయటి పక్క ఒకటి ఆనించాను. వాటి మీద మైక్రోపోర్ టేపుని పై కీలు మీదుగా, పాదం మీదుగా ఎనిమిది అంకెలా తిప్పాను. ఆ రెండు కీళ్లూ కదులుతుంటే మధ్యలో ఎముక అతకదు. గోళ్లు బయటికి కనపడేలా వదలాలి. పసుపు, సున్నం పట్టు కట్టు కింద వద్దు. ఎండి గట్టిపడుతుంది, చర్మం రంగు మారినా తెలియదు.

విరిగినందుకే కాదు, బిగించి కట్టినందుకు కూడా కాళ్లు పోతాయి. మొదటిరోజు వాపు ఇంకా పెరుగుతుంది, సాయంత్రం సరిగ్గా ఉన్న కట్టు అర్ధరాత్రికి బిగుసుకుంటుంది. రెండు గంటలకోసారి రెండు కాళ్ల వేళ్లూ పట్టుకుని చూశాను. కట్టిన కాలు చల్లబడినా, వేళ్లు ఉబ్బినా అప్పుడే కత్తిరించి మళ్లీ కట్టాల్సిందే. కట్టు తడిస్తే మార్చాలి, తడవకపోయినా ఐదో రోజున విప్పి చర్మం చూడాలి.

మనం వేసుకునే నొప్పి మాత్రలు కోడికి వేయొద్దు. డైక్లోఫెనాక్ పక్షుల మూత్రపిండాల్ని చంపేస్తుంది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు అలాగే పోయాయి, అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. నొప్పి మందు డాక్టరు బరువు చూసి రాయాల్సిందే. మందు వేసిన కోడి గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో అప్పుడే అడగాలి.

మూడు వారాలూ పెట్ట గంప కిందే ఉంది, మిగతా కోళ్లు కనపడేలా. గోనెసంచి మీద మూడంగుళాల ఊక పోశాను. పేపరు వేస్తే కాళ్లు జారి పక్కలకి పోతాయి. కూర్చునే తాగగలిగేలా బరువైన మట్టిమూకుడులో నీళ్లు, తడిపిన తౌడు, నూకలు, రోజూ ఉడికించిన గుడ్డులో సగం, దంచిన ఆల్చిప్ప పెట్టాను. నీళ్లు ఎంత తగ్గాయో రోజూ చూడాలి. సాయంత్రం మెడ కింది మేతసంచి నిండుగా, తెల్లారేసరికి ఖాళీగా ఉండాలి. ఒకేచోట కూర్చునే కోడికి రొమ్ము ఎముక మీద చర్మం ఒరుసుకుపోతుంది, వెనకవైపు రెట్ట అంటుకుని ఈగలు గుడ్లు పెడతాయి, పురుగులు పడతాయి. రోజూ ఎత్తి చూసి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

ఇరవై ఒకటో రోజున కట్టు విప్పితే విరిగిన చోట గట్టి బుడిపె చేతికి తగిలింది, కదలిక లేదు. అలాగని అప్పుడే వదిలేయకూడదు, కండ చిక్కిపోయి ఉంటుంది. ఇంకో వారం చిన్న దడి కట్టి అందులోనే తిప్పాను. తర్వాత రాత్రిపూట గూట్లో మిగతావాటి పక్కన కూర్చోబెట్టాను, అలాగైతే పొద్దున పొడుచుకోవడం తక్కువ. పడుకునే కర్రని అడుగు ఎత్తుకి దించేశాను, ఎత్తు నుంచి దూకితే అదే చోట మళ్లీ విరగొచ్చు.