నాన్న చీల్చిన రాయి, నేను చీలనివ్వని రాయి

టెక్సస్‌లో చమురు పని అనగానే మార్కాపురంలో మావాళ్లు భూమి కింద చమురు చెరువులా నిలిచి ఉంటుందని, గొట్టం దించితే చాలని అనుకుంటారు. మిడ్లాండ్ దగ్గర మేము పరీక్షించే షేల్, అంటే బురద పొరలు పొరలుగా గట్టిపడిన రాయి, చూడబోతే ఒట్టి నల్లరాయి. చమురు ఉండేది నానోమీటర్లలో కొలిచే సందుల్లో. అది అందులోంచి కదులుతుందా, ఎంత సులువుగా కదులుతుంది అన్నది తేల్చడమే మా ప్రయోగశాల పని.

1856లో ఇసుక గుండా నీరు పారే తీరును సూత్రీకరించిన ఫ్రెంచి ఇంజినీరు ఆన్రీ డార్సీ పేరే ఈ కొలతకు పెట్టారు. మంచి ఇసుకరాయి వందల మిల్లీడార్సీలు (డార్సీలో వెయ్యో వంతులు) చూపిస్తుంది. షేల్ చాలాసార్లు నానోడార్సీల్లో ఉంటుంది, అంటే డార్సీలో వందకోట్లవ వంతుల లెక్క. చమురునే తోసి చూద్దామంటే తెల్లవారినా చుక్క రాదు. అందుకని చిన్న స్తూపంలా కోసిన ముక్కకు రబ్బరు తొడుగు వేసి, చుట్టూ భూగర్భంలో ఉన్నంత ఒత్తిడి పెట్టి, ఒక చివర గ్యాసు ఒత్తిడి కాస్త పెంచి వదులుతాము. అది రెండో చివరకు ఎంతసేపటికి పాకిందో చూసి లెక్క కడతాము. గది కొంచెం వేడెక్కినా లెక్క తప్పుతుంది. బయట మార్కాపురం మే నెలను మరిపించే ఎండ, లోపల నేను స్వెట్టర్లో.

నాన్న పలకల ఫ్యాక్టరీలో రాళ్లు చీల్చినవారు. పలకరాయి కూడా ఒకనాటి షేలే, వేడికీ ఒత్తిడికీ గట్టిపడింది. ఉలి ఎక్కడ ఆనించాలో ఆయన బొటనవేలితో తడిమి చెప్పేవారు. నా పని గురించి చెబితే, "పొర వెంట పోయినంత సులువుగా అడ్డంగా పోదుగా" అన్నారు వెంటనే. మేము రెండు దిక్కులా ముక్కలు కోసి కొలిచేది అందుకే.

ఆయన చీల్చి జీతం తీసుకున్నారు, నాకేమో రాయి చీలితే పని చెడుతుంది. లోతు నుంచి పైకి తెచ్చేసరికి ఒత్తిడి సడలి రాతికి వెంట్రుకంత పగుళ్లు పడతాయి. గ్యాసు వాటిలోంచి దూసుకుపోతుంది, అంకె అద్భుతంగా వస్తుంది. అలాంటి అంకె చూసి ఆఫీసులో మురిసిపోతారు గానీ, నాకైతే అనుమానమే.

"చివరికి బావిలోకి నీళ్లూ ఇసుకా గుప్పించి రాయిని పగలగొట్టేదేగా, ఇంత కొలత దేనికి?" అంటాడు బాబాయి. పగులు దాకా మాత్రం చమురు రాయిలోంచే రావాలి. కదలిక తక్కువైతే పగుళ్లు దగ్గర దగ్గరగా వేయాలి, ఖర్చు పెరుగుతుంది. తప్పుడు అంకెను నమ్మి ఎడంగా వేస్తే మధ్యలో చమురు అక్కడే ఉండిపోతుంది. షేల్ బావి ఎలాగూ మొదట జోరుగా పారి త్వరలోనే తగ్గిపోతుంది కాబట్టి, ఆ తగ్గుదలలో కొలత తప్పు ఎంతన్నది ఎవరూ అడగరు.