క్లిప్పు 98 చూపించిన రాత్రి

కారు ఏసీ దగ్గర ఒక బటన్ ఉంటుంది, కారు బొమ్మ లోపల మలుపు తిరిగిన బాణం గుర్తుతో. అది నొక్కితే బయటి గాలి రావడం ఆగిపోయి లోపలి గాలే మళ్ళీ మళ్ళీ చల్లబడి తిరుగుతుంది. దాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. హైవే మీద పొగ వదిలే లారీ వెనక పడ్డప్పుడు, చీమకుర్తి దారిలో గ్రానైట్ దుమ్ము లేచినప్పుడు ఆ బటన్ ఎంత అవసరమో మా ప్రకాశం జిల్లా వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మా నేనూ చావు దాకా పోయి రావడానికి మూలం వేరే ఉంది. కానీ లోపలికి చేరిన విషాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచింది మాత్రం ఆ బటనే.

రొట్టెల పండుగకి దర్శి నుంచి అద్దె కారులో నెల్లూరు వెళ్ళాం. తమ్ముడి కోసం ఉద్యోగ రొట్టె పట్టుకోవాలని అమ్మ మొక్కు. దారి పొడవునా కారు కింద ఏదో టపటపా కొట్టుకుంటూనే ఉంది. అడిగితే డ్రైవర్, "సైలెన్సర్ కాడ చిన్న చిల్లు పడిందక్కా, పాత బండి గదా, ఏం కాదులే" అన్నాడు. స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకుని గట్టెక్కేసరికి బాగా రాత్రయింది. లాడ్జీల్లో గదులు లేవు. గాలి ఆడక ఒకటే ఉక్క. కారులోనే పడుకోమన్నాడు డ్రైవర్. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వేసి, ఆ బటన్ నొక్కి, "అద్దాలు దించబాకండక్కా, చల్లదనం పోద్ది" అని చెప్పి టీ తాగడానికి వెళ్ళాడు. తమ్ముడు బయట చాప వేసుకున్నాడు.

ఎప్పుడో తలనొప్పికి మెలకువ వచ్చింది. కణతల మీద సుత్తితో కొడుతున్నట్టుంది. కడుపులో తిప్పుతోంది. లేద్దామంటే కాళ్ళు కదల్లేదు. తలుపు హ్యాండిల్ ఎదురుగా కనిపిస్తోంది, చెయ్యి అక్కడిదాకా పోవడం లేదు. అమ్మా అని పిలిచాను, గొంతులోంచి మాట వచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు. వెనక సీట్లో అమ్మ గురక మారిపోయింది. గరగరమంటుంది, ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఆగినప్పుడల్లా నేను ఎదురుచూశాను. అంతకుమించి ఏమీ చేయలేకపోయాను. పొగ లేదు, వాసన లేదు, మొహానికి చల్లగా గాలి తగులుతోంది. దేన్ని చూసి భయపడాలో కూడా తెలియలేదు నాకు.

నీళ్ళ బాటిల్ కోసం వచ్చి తలుపు తీశాడు తమ్ముడు. దేవుడు వాడికి ఆ వేళకి దాహం వేయించాడనే నమ్ముతాను.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు నా వేలికి క్లిప్పు పెట్టాడు, కరోనా రోజుల్లో అందరం పెట్టుకున్నదే. 98 చూపించింది. "ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంది. ఎండలో తిరిగారు, నిద్ర లేదు, టెన్షన్. సెలైన్ ఎక్కిస్తే సరిపోతుంది" అన్నాడు. పక్క మంచం మీద అమ్మ కళ్ళు తెరవడం లేదు. "పెద్దావిడ నీరసంగా ఉంది, నిద్రపోనివ్వండి" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ నా ఒళ్ళు మండుతుంది.

కాపాడింది ఒక పెద్ద నర్సమ్మ. సెలైన్ కడుతూ, "ఇద్దరికీ ఒకేసారి వచ్చిందా? ఎక్కడ పడుకున్నారమ్మా?" అని అడిగింది. తమ్ముడు కారు అనగానే ఆమె పరుగున పోయి పెద్ద డాక్టరుని లేపుకొచ్చింది. ఆ తల్లి నూరేళ్ళు చల్లగా ఉండాలి. ఆయన వచ్చీ రాగానే ఇద్దరికీ ఆక్సిజన్ మాస్కులు పెట్టించి, రక్తం పరీక్షకి పంపించాడు. ఐసీయూ, ఈసీజీ, స్కానింగ్ అన్నీ అయ్యాయి.

కార్బన్ మోనాక్సైడ్. సైలెన్సర్ చిల్లులోంచి వచ్చిన పొగలోని ఈ వాయువు కారు అడుగునుంచి సందుల్లో దూరింది. బయటి గాలి రాదు కాబట్టి లోపలే పేరుకుపోయింది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుందట. అలా పట్టిన రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి మామూలు క్లిప్పు దాన్నీ ఆక్సిజన్ కిందే లెక్కేస్తుంది. రక్త పరీక్షలోనే నిజం తేలుతుంది. మామూలు గాలి పీలుస్తూ ఉంటే ఆ విషం సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. అంటే సెలైన్ బాటిల్ కింద మేం పోగొట్టుకున్నది ఎలాంటి సమయమో చూడండి. డాక్టరు చదువు చదివినవాడికి ఇది తెలియకపోతే ఎలా?

నేను త్వరగానే తేరుకున్నాను. అమ్మ ఇంటికొచ్చి బాగానే తిరిగింది గానీ, కొన్ని వారాలకి మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది, మనవరాలిని నా పేరుతో పిలిచేది. కొందరికి ఇలా ఆలస్యంగా బయటపడుతుందని డాక్టరు ముందే చెప్పి ఉండటంతో వెంటనే తీసుకెళ్ళాం. నెలల మీద నెమ్మదిగా కోలుకుంది. ఈలోగా పరామర్శకి వచ్చిన పిన్ని వరస ఆవిడ, "మొక్కులో ఏదో లోపం జరిగుంటది" అంది. సైలెన్సర్ చిల్లుకి మా అమ్మ భక్తి ఏం చేస్తుంది? మరుసటి ఏడు అదే చెరువులో అమ్మ ఆరోగ్య రొట్టె పట్టుకుంది. నేనే దగ్గరుండి పట్టించాను.

దూర ప్రయాణంలో బటన్ నొక్కి ఉంచితే అప్పుడప్పుడూ తీసి బయటి గాలి రానివ్వండి. నలుగురు ఊపిరి వదిలిన గాలితో కూడా మగత వస్తుంది, నడిపేవాడికి అది మంచిది కాదు. ఇంజన్ ఆన్ చేసి, ఆగిన కారులో ఎవరినీ పడుకోనివ్వకండి. ఒకేచోట ఉన్న ఇద్దరికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే ఎక్కడ ఉన్నారో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి, కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష చేయమని గట్టిగా అడగండి.

ఆ కారు ఇంకా అద్దెకి తిరుగుతూనే ఉంది. తమ్ముడు రెండోసారి పోయి నిలదీశాక డ్రైవర్ కొత్త సైలెన్సర్ వేయించి బిల్లు చూపించాడు. తమ్ముడు బిల్లుతో ఊరుకోలేదు, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి బండి పైకెత్తించి కింద చూసి వచ్చాడు.